తెల్ల చిల్లీలో బీన్స్ తీసేస్తే ఏమవుతుంది? టర్కీ, కాలీఫ్లవర్, ఒక అర్ధరాత్రి

ఈ వారం ఎపిసోడ్‌లో మా నాన్నగారూ నేనూ మాట్లాడుకున్న టర్కీ చిల్లీని కొలతలతో రాసి పెడతానని మాటిచ్చాను కదా, ఇదిగో. మైకు ముందు కూర్చుని "కొంచెం జీలకర్ర, కాస్త చీజ్" అంటే వినడానికి బాగానే ఉంటుంది. పొయ్యి దగ్గర నిలబడ్డాక ఆ "కొంచెం" ఎంతో తెలియక నన్ను తిట్టుకుంటారు.

వంటలోకి వెళ్లేముందు ఒక్క మాట. మీ ఇంట్లో ఎవరైనా షుగరుకి మాత్రలు వేసుకుంటున్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా, కింద "ఆ రాత్రి" అని రాసిన భాగం ముందు చదవండి. వంట తర్వాతైనా చేసుకోవచ్చు.

అసలు ఎందుకు మొదలైందంటే

పోయినేడాది చెకప్‌లో నా ఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, 6.5 నుంచి డయాబెటిస్ అని లెక్క. "నేనేం లావు లేనుగా" అనుకున్నాను. మనవాళ్లకి ఒళ్లు పెద్దగా లేకపోయినా షుగరు వస్తుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మిగతావాళ్లకి బీఎంఐ 25 దగ్గర పరీక్షల గురించి ఆలోచించమంటే, ఆసియా మూలాలున్నవాళ్లకి 23 దగ్గర్నుంచే చూడమంటుంది.

డాక్టరు రాత్రిపూట అన్నం తగ్గించమన్నారు. పది రోజులు సలాడ్లు తిన్నాను. డాలస్‌లో నవంబరు చివర ఉత్తరం గాలి తిరిగిందంటే, పొద్దున్న టీషర్టుతో బయటికెళ్లినవాళ్లం సాయంత్రానికి స్వెట్టర్లు వెతుక్కుంటాం. ఆ చలిలో చల్లటి ఆకులు నమలడం నా వల్ల కాలేదు. వేడిగా, కారంగా, గిన్నె నిండా తిన్నట్టు ఉండేది ఏదైనా కావాలి. ఆఫీసు పాట్‌లక్‌లో తిన్న తెల్ల చిల్లీ అప్పుడు గుర్తొచ్చింది.

ఇది ఏం వంట?

ఎపిసోడ్ వినని వాళ్ల కోసం ట్రాన్‌స్క్రిప్ట్‌లోంచి ఒక ముక్క:

నాన్న: చిల్లీ అన్నావు, చిల్లీ చికెన్ అనుకున్నానమ్మా. తీరా చూస్తే గిన్నెలో పాయసంలా తెల్లగా ఏదో పెట్టావు.
నేను: పాయసం కాదు నాన్నా, మాంసం పులుసు అనుకోండి.
నాన్న: పులుసైతే చింతపండేదీ?
నేను: నిమ్మకాయ పిండాను కదా.
నాన్న: ఆఁ, అందుకే తిన్నాను.

చిల్లీ అంటే ఇక్కడ మిరపకాయలతో ఉడికించిన మాంసం. స్పానిష్‌లో చిల్లీ కాన్ కార్నే అంటే మాటకి మాట "మాంసంతో మిరప" అనే అర్థం. 1977లో టెక్సస్ దీన్ని తమ రాష్ట్ర వంటకంగా ప్రకటించుకుంది. మామూలు చిల్లీ ఎర్రగా ఉంటుంది: ఎండుమిరప, బీఫ్. తెల్ల చిల్లీ దీనికి తర్వాత పుట్టిన చెల్లెలు. అందులో ఎండుమిరప ఉండదు, టమాటా ఉండదు. పచ్చిమిరప జాతివి, జీలకర్ర, కొత్తిమీర, కోడి గానీ టర్కీ గానీ, తెల్ల బీన్స్. పచ్చిమిర్చీ కొత్తిమీరా జీలకర్రా అనగానే మన నాలుకకి కొత్తేం కాదని తెలిసిపోతుంది.

బీన్స్ చేసే మూడు పనులు

మొదటిసారి నేను చేసిన తప్పు ఏంటంటే, మామూలు తెల్ల చిల్లీ వండేసి అందులో బీన్స్ మాత్రం మానేశాను. పప్పుచారులో పప్పు తీసేస్తే ఏం మిగులుతుంది? నీళ్లలో టర్కీ ముక్కలు తేలాయి. మా ఆయన మర్యాదకి రెండు స్పూన్లు తిని బ్రెడ్ కోసం లేచారు.

అప్పుడు కూర్చుని ఆలోచిస్తే, బీన్స్ అక్కడ మూడు పనులు చేస్తున్నాయి. ఒకటి, వాటిలోని పిండి కరిగి పులుసుని చిక్కబరుస్తుంది. రెండు, పంటి కింద మెత్తగా తగిలి, కారాన్నీ ఉప్పునీ పీల్చుకుని, మాంసానికీ మాంసానికీ మధ్య విరామం ఇస్తుంది. మూడు, కడుపు నింపుతుంది. తీసేసినప్పుడు ఈ మూడింటికీ వేరే ఎవర్నో పెట్టాలి.

చిక్కదనానికి కాలీఫ్లవర్ పెట్టాను. మెత్తగా ఉడికించి మిక్సీ వేస్తే అందులో పిండి లేకపోయినా పీచు వల్ల పులుసు చిక్కబడుతుంది. పంటి కింద తగలడానికి ముల్లంగి. ఇండియన్ స్టోర్లో దొరికే తెల్ల ముల్లంగే, ఇక్కడివాళ్లు డైకాన్ అంటారు. సాంబారులో చూశారు కదా, ఉడికాక ఘాటు పోయి రసం పీల్చుకుంటుంది. కడుపు నిండడానికి టర్కీ కాస్త ఎక్కువ, క్రీమ్ చీజ్ కొంచెం.

లెక్క ఇదీ. 15 ఔన్సుల తెల్ల బీన్స్ డబ్బాలో సుమారు 70 గ్రాముల కార్బ్స్ ఉంటాయి. ఆరుగురికి రెండు డబ్బాలు వేస్తారు, అంటే 140. వాటి బదులు నేను వేసే కాలీఫ్లవర్, ముల్లంగి రెండూ కలిపి 35 గ్రాములు. మిగతా సరుకులన్నీ కలిపితే బీన్స్ చిల్లీ గిన్నెకి సుమారు 30 గ్రాములు వస్తుంది, నాది 13. అందులో 3 గ్రాములు పీచు.

బీన్స్ మీద నాకు కోపం లేదు. వాటిలో పీచు, ప్రోటీన్ ఎక్కువ. వాటి పిండి నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి తెల్లన్నం అంత వేగంగా షుగరు పెంచవు. కార్బ్స్ తక్కువ ఉండటం ఒక సంగతి, నెమ్మదిగా అరగడం ఇంకో సంగతి. ఈ తేడా తర్వాత పనికొస్తుంది.

కావలసినవి (ఆరు గిన్నెలకి)

కప్పు అంటే ఇక్కడ 240 మిల్లీలీటర్ల కొలత కప్పు.

- టర్కీ కీమా 2 పౌండ్లు (సుమారు 900 గ్రాములు). ప్యాకెట్ మీద 93 శాతం లీన్ అని ఉన్నది తీసుకోండి. 99 శాతంది తీసుకుంటే కొవ్వు లేక పీచుపీచుగా ఎండిపోతుంది.
- కాలీఫ్లవర్ తరిగాక 600 గ్రాములు (మధ్యస్థంగా ఉన్నది ఒకటి)
- తెల్ల ముల్లంగి చిన్న ముక్కలు ఒక కప్పు
- ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి 6 రెబ్బలు
- పొబ్లానో మిరపకాయలు 2, హలపీన్యోలు 2. కారం చాలదనిపిస్తే మన సన్న పచ్చిమిర్చి 2
- ఉప్పు తక్కువగా ఉన్న చికెన్ బ్రాత్ 4 కప్పులు
- క్రీమ్ చీజ్ 4 ఔన్సులు (అరకట్ట), మాంటెరీ జాక్ చీజ్ తురుము ఒక కప్పు
- జీలకర్ర పొడి 2 టీస్పూన్లు, ధనియాల పొడి 1, ఎండు ఒరెగానో 1, వాము చిటికెడు
- నూనె 2 టేబుల్ స్పూన్లు, వంటసోడా అర టీస్పూను, నిమ్మకాయ ఒకటి, కొత్తిమీర గుప్పెడు, ఉప్పు

వాము ఎందుకంటారా? మెక్సికన్ వంటల్లో వాడే ఒరెగానోలో థైమాల్, కార్వక్రాల్ అనే ఘాటు నూనెలు ఉంటాయి. వాము వాసనకి మూలం కూడా థైమాలే. మామూలు సూపర్‌మార్కెట్ ఒరెగానోకి చిటికెడు వాము తోడైతే ఆ మెక్సికన్ వాసనకి దగ్గరగా వస్తుంది. చిటికెడే. ఎక్కువైతే వాము అన్నం గుర్తొస్తుంది.

బ్రాత్ డబ్బా వెనక సోడియం అంకె చూసి కొనండి. మామూలు రకాల్లో కప్పుకి 800 మిల్లీగ్రాములు దాటి ఉండటం మామూలే. బీపీ ఉన్న ఇంట్లో నాలుగు కప్పులు పోస్తే ఉప్పు చేతిలో లేకుండా పోతుంది.

చేసే పద్ధతి, ఎందుకు అలా చెయ్యాలో కూడా

ముందు కీమాలో వంటసోడాని స్పూను నీళ్లలో కలిపి పట్టించి పావుగంట ఉంచండి. సోడా వల్ల మాంసం వేడికి బిగుసుకుపోకుండా నీటిని పట్టి ఉంచుకుంటుంది. టర్కీలాంటి కొవ్వు తక్కువ మాంసానికి ఇది చాలా తేడా చేస్తుంది.

ఈలోపు పొబ్లానోలని పచ్చడికి వంకాయ కాల్చినట్టు గ్యాస్ మంట మీద తిప్పుతూ తొక్క నల్లబడేదాకా కాల్చండి. కరెంటు పొయ్యి ఉన్నవాళ్లు అవెన్‌లో బ్రాయిలర్ కింద పెట్టండి. గిన్నెలో వేసి పది నిమిషాలు మూత పెడితే ఆవిరికి తొక్క సులువుగా వస్తుంది. గింజలు తీసి తరగండి. కాల్చిన వాసనే ఈ వంటకి సగం ప్రాణం.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె వేడెక్కాక కీమాని రెండు విడతలుగా వేయించండి. అట్టులా పరిచి నాలుగైదు నిమిషాలు కదపకండి. అడుగు ఎర్రగా కాలాక పెద్ద ముక్కలుగా విరవండి. అంతా ఒకేసారి వేసి కలుపుతూ కూర్చుంటే నీళ్లూరి ఉడుకుతుంది, వేగదు. మనవాళ్లు టర్కీ "నీచు" అనేది ఇలా ఉడికిన టర్కీనే.

కీమా పక్కకి తీసి అదే గిన్నెలో ఉల్లిపాయ, వెల్లుల్లి, హలపీన్యో వేయించండి. మెత్తబడ్డాక జీలకర్ర పొడి, ధనియాల పొడి, ఒరెగానో, వాము వేసి అర నిమిషం తిప్పండి. ఇక్కడ రెండు చోట్ల చెయ్యి పట్టుకోవాలి. ఒకటి పసుపు. అలవాటు ప్రకారం నేను వేసేశాను, తెల్ల చిల్లీ కాస్తా పచ్చ చిల్లీ అయింది. రెండు అల్లం. అల్లం పడిందంటే ఇది మన కీమా కూర అయిపోతుంది. అది మంచి కూరే, కానీ ఇది కాదు.

బ్రాత్ పోసి కాలీఫ్లవర్ వేసి మరగనివ్వండి. చాకు గుచ్చితే ఆగకుండా దిగాలి, 12 నుంచి 15 నిమిషాలు. అంతకన్నా ఎక్కువ ఉడికితే క్యాబేజీ మాడిన వాసనలాంటిది వస్తుంది. మూడొంతుల ముక్కలు తీసి, కొంచెం బ్రాత్‌తో మిక్సీ వేయండి. వేడిది కాబట్టి జారు సగానికి మించి నింపకండి, మూత బిగించకుండా ఆవిరి పోయే సందు ఉంచి పైన గుడ్డతో పట్టుకోండి. ఆ ముద్దని తిరిగి గిన్నెలో పోసి కీమా, పొబ్లానో, ముల్లంగి వేసి సన్నసెగ మీద 20 నిమిషాలు ఉంచండి. టర్కీ లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి. ఇంత సేపు ఉడికితే రాకుండా ఉండదు గానీ, థర్మామీటరు ఉంటే చూసుకోవచ్చు.

చివర మంట బాగా తగ్గించి, ముందే బయట పెట్టిన క్రీమ్ చీజ్‌ని ఒక గరిటె వేడి పులుసుతో చిలికి పోయండి. జాక్ చీజ్ కొంచెం కొంచెం వేయండి. కళపెళ మరుగుతుండగా వేస్తే పాలు విరిగినట్టు విరుగుతుంది. చీజ్ కట్టగా కొని ఇంట్లోనే తురుముకోండి. తురిమి అమ్మేవాటికి అంటుకోకుండా పిండి చల్లుతారు, సరిగ్గా కరగదు. పొయ్యి ఆపాక నిమ్మరసం, కొత్తిమీర. ఉప్పు అప్పుడే రుచి చూసి వేయండి.

థాంక్స్‌గివింగ్‌లో మిగిలిన రోస్ట్ టర్కీ ఉందా? కీమా బదులు అదే చీల్చి వేసుకోవచ్చు. ఆల్రెడీ ఉడికింది కాబట్టి చివరి పది నిమిషాల్లో వేస్తే చాలు. మాంసం తిననివాళ్లకి ఎర్రగా వేయించిన మష్రూమ్స్, పనీర్ కలిపి, వెజిటబుల్ బ్రాత్‌తో చేశాను, బాగానే కుదిరింది.

మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజుల్లో తినేయండి. ఫ్రీజ్ చెయ్యాలంటే చీజ్ వెయ్యకముందే కొంత తీసి పెట్టుకోండి. చీజ్‌తో గడ్డకట్టింది కరిగాక నీళ్లూ పలుకులూ విడిపోతాయి.

ఆ రాత్రి

నాన్నగారు అక్టోబరులో వచ్చారు. పదిహేనేళ్లుగా షుగరు. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్ర పొద్దున్నా రాత్రీ భోజనానికి ముందు వేసుకుంటారు. రాత్రి కప్పున్నర అన్నం తింటారు. అంటే అన్నంలోనే 65, 70 గ్రాముల కార్బ్స్.

ఆ రోజు నేను గొప్పగా చిల్లీ పెట్టి, "ఇందులో కార్బ్స్ లేవు నాన్నా, మీ షుగరుకి ఇదే మంచిది" అన్నాను. ఆయనకీ నచ్చింది. "ఇవాళ్టికి అన్నం వద్దులే" అన్నారు. మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నారు. ఇద్దరికీ అందులో తేడా ఏం కనిపించలేదు.

రాత్రి ఒంటిగంటన్నరకి వంటింట్లో లైటు చూసి వెళ్తే, కుర్చీలో కూర్చుని ఉన్నారు. చొక్కా తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. "నీళ్లు తాగుదామని వచ్చానమ్మా" అన్నారు, కానీ గ్లాసు చేతిలో లేదు. మీటరు పెడితే 58.

70 కంటే తగ్గితే షుగరు పడిపోయినట్టే లెక్క. అరకప్పు నారింజ రసం తాగించాను. పావుగంట ఆగి చూస్తే 81. అప్పుడు రెండు బిస్కెట్లు పెట్టి, పక్కనే కూర్చున్నాను. ఆ పావుగంట ఎంత పొడుగో చెప్పలేను.

ఏం జరిగిందంటే, గ్లిమెపిరైడ్ పాంక్రియాస్ చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. మనం ఆ పూట అన్నం తిన్నామా, కాలీఫ్లవర్ తిన్నామా అని అది చూడదు. 70 గ్రాములకి సరిపడా వేసుకున్న మాత్రకి 13 గ్రాములు అందాయి. గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్ కూడా ఇదే జాతి. ఇన్సులిన్‌తోనూ ఇదే ప్రమాదం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకి ఇలా పడిపోవడం అరుదు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలతో ఇంకో చిక్కు ఉంది. కార్బ్స్ బాగా తగ్గించేస్తే రక్తంలో కీటోన్లు పేరుకుని కీటోఅసిడోసిస్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది, అది కూడా షుగరు అంకె మరీ ఎక్కువ లేకుండానే. వాళ్లు డాక్టరుకి చెప్పకుండా అన్నం మానెయ్యకూడదు.

షుగరు పడిపోయినప్పుడు చెయ్యాల్సింది గుర్తుంచుకోవడం సులువు. 15 గ్రాముల చక్కెర, 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ 15 గ్రాములు. 15 గ్రాములంటే అరకప్పు పళ్లరసం, లేదా ఒక టేబుల్ స్పూన్ పంచదార గానీ తేనె గానీ. చాక్లెట్ పెట్టకండి, అందులోని కొవ్వు చక్కెరని త్వరగా ఎక్కనివ్వదు. మనిషి స్పృహలో లేకపోయినా మింగలేకపోయినా నోట్లో ఏమీ పొయ్యకండి. 911కి ఫోన్ చెయ్యండి. ఇంట్లో గ్లూకగాన్ ఉంటే అది ఇవ్వండి.

ఆ రాత్రే గుంటూరులో ఆయన డాక్టరుగారికి ఫోన్ చేశాం, అక్కడ అప్పటికి మధ్యాహ్నం. మాత్ర గురించి ఆయన ఏం చెప్పారో ఇక్కడ రాయను. అది మా నాన్నగారి ఒంటికి సంబంధించిన లెక్క, మీవాళ్లకి పనికిరాదు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం రాస్తాను: "భోజనం మార్చేముందు నాకెందుకు చెప్పలేదమ్మా?" నా దగ్గర సమాధానం లేదు. కూర మార్చాను అనుకున్నాను గానీ, మందు మోతాదు మార్చినట్టేనని నాకు తట్టలేదు.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకి మనం ఇక్కడ ప్రేమతో ఓట్సూ, సలాడ్లూ, కీటో రొట్టెలూ పెడుతుంటాం. వాళ్ల మాత్రలు అక్కడి అన్నానికి లెక్కగట్టి రాసినవి. పెట్టేముందు మాత్రల చీటీ ఒకసారి తీసి చదవండి.

ఇప్పుడు ఎలా చేస్తున్నామంటే

గిన్నె ఒకటే. ఒక డబ్బా తెల్ల బీన్స్ కడిగి పక్కన వేడి చేసి ఉంచుతాను. నా గిన్నెలో పైన చెప్పిన చిల్లీ అలాగే. నాన్నగారి గిన్నెలో ముప్పావు కప్పు బీన్స్, అంటే సుమారు 30 గ్రాముల కార్బ్స్. పక్కన డాక్టరుగారు చెప్పినంత అన్నం. పడుకునేముందు ఒకసారి మీటరు. నెమ్మదిగా అరిగే బీన్స్ ఆయనకి రాత్రంతా తోడుంటాయి.

నా ఏ1సీ ఈ అక్టోబరులో 5.8. ఒక్క చిల్లీ వల్ల కాదు, నడకా ఉంది, మానేసిన మధ్యాహ్నం కోకులూ ఉన్నాయి. చలికాలం రాత్రుళ్లు సలాడ్‌తో పోరాడకుండా గడిచింది మాత్రం దీనివల్లే.

నాన్నగారు తన గిన్నె చూపించి "నాది అసలు చిల్లీ, నీది పథ్యం" అంటారు. అసలు టెక్సస్ పద్ధతిలో బీన్సే వెయ్యరు నాన్నా, వాళ్లని అడిగితే నాదే అసలంటారు అన్నాను. "పప్పు విలువ తెలియనివాళ్ల మాట మనకెందుకమ్మా" అని ఇంకో గరిటె వేయించుకున్నారు.

చేసి చూసి ఎలా వచ్చిందో రాయండి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.